రాజుగారి ముక్కు చెప్పిన సాక్ష్యం

సర్వజిత్తు నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ తదియ, గురువారం. పొద్దు పొడిచి ఏడు గడియలైంది. పిల్లలు చద్దన్నాలు తిని, పెద్దలు ఎండ చూసి వీధి తలుపు ఓరగా వేసుకునే వేళ. సరిగ్గా ఆ వేళకు మల్లెకొండ రాజ్యంలో ఒక రాజుగారి ముక్కు మా ఇంటి పెద్ద ఒకాయనను దొంగ అంది.

ఆయన పేరు కూర్మయ్య. మల్లెకొండ వేణుగోపాలస్వామికి గంధం తీసే సేవ ఆయనది. తాత ముత్తాతల నాటి నుంచి వచ్చిన సానరాయి ఒకటి, రెండు గదుల ఇల్లు ఒకటి, అంతే ఆయన ఆస్తి. తెల్లవారుజామున స్నానం చేసి, తడిబట్టతో సాన ముందు కూర్చుని, గంధపు చెక్కను గుండ్రంగా తిప్పుతూ స్వామి నామం చెప్పుకునేవాడు. ఆ చప్పుడు మెత్తగా, తడిగా, ఇల్లంతా తిరిగేదట. మా అత్తగారి అత్తగారు ఈ కథ చెప్పేటప్పుడు అరచేతిని అరచేతి మీద గుండ్రంగా తిప్పుతూ చెప్పేవారు.

మల్లెకొండను ఏలే రాజు త్రిభువన భూపతి. చెడ్డవాడు కాడు. గుడికి ధారాళంగా ఇచ్చేవాడు, రైతులను పీడించేవాడు కాదు. కానీ తన కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అయిదింటికీ లోకంలో సాటి లేదని ఆయనకు గట్టి నమ్మకం. "పంచేంద్రియ సార్వభౌమ" అని తనకు తానే బిరుదు ఇచ్చుకున్నాడు. ఆయన కొలువులోకి వస్తుంటే వంది ఆ బిరుదు మూడుసార్లు చదవాలి.

నీళ్ళు నాలుక మీద వేసుకుని ఏ బావివో చెప్పేవాడు. చెప్పింది తప్పైతే బావి పేరు మార్చేవారు.

ఇక వేసవి వస్తే రాజుగారు చందన మందిరంలోకి మారిపోయేవాడు. ఆ మందిరం గోడలకు అడుగు నుంచి కప్పు దాకా గంధం పూసేవారు. కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి, వాటి మీద గంధపు నీళ్ళు చల్లుతూ ఉండేవారు. రాజుగారి ఒంటికి జాముకోసారి గంధం రాయాలి. కొలువూ అక్కడే, భోజనమూ అక్కడే, నిద్రా అక్కడే. బయటి నుంచి వచ్చినవాళ్ళు గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక్క క్షణం ఆగి, తెలియకుండానే కళ్ళు మూసుకునేవారట. ఎండలోంచి ఎవరో చేయి పట్టుకుని ఏటి నీడలోకి తీసుకుపోయినట్టుండేదట.

ఆ సంవత్సరం ఎండలు ముందే ముదిరాయి. తదియ నాటికి రాజుగారు ఆ మందిరంలోంచి బయటికి అడుగు పెట్టక నలభై రోజులు.

వైశాఖ తదియ నాడు స్వామికి తొలి చందన సేవ. దానికి కోట నుంచే మంచి గంధపు చెక్క పంపుతారు. కూర్మయ్య మూడు రోజులు ఉపవాసం ఉండి గంధం తీశాడు. అర్చకులు పరాంకుశాచార్యులు స్వామికి అలది, మిగిలిన ప్రసాద గంధాన్ని వెండి గిన్నెలో పెట్టుకుని కోటకు తెచ్చారు. వెనకాల చేతులు కట్టుకుని కూర్మయ్య.

రాజుగారు గిన్నె అందుకుని కళ్ళకద్దుకున్నాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. గిన్నెను ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చాడు.

"కూర్మయ్యా, ఇలా రా. ఇది ఏ చెక్క?"

"తమరు పంపిన చెక్కే ప్రభూ."

"నేను పంపింది మంచి గంధం. ఇది తడిపిన మట్టి. పిసరంత వాసన లేదు. నా చెక్క ఎవరికి అమ్ముకున్నావు?"

రాజుగారు గిన్నె ఆయన ముఖం ముందు పెట్టాడు.

"నువ్వే చూడు. వాసన వస్తోందా నీకు?"

మరొకరైతే 'వస్తోంది ప్రభూ, గుప్పుమంటోంది' అని బతికిపోయేవాడు. కూర్మయ్య ఆ చేతులతో స్వామి గంధం తీసి వచ్చాడు. ఆ నోటితో మూడు రోజులుగా స్వామి నామం తప్ప మరో మాట అనలేదు. వంగి వాసన చూశాడు. నిజం చెప్పాడు.

"రావడం లేదు ప్రభూ. నాకు పన్నెండో ఏడు వచ్చినప్పటి నుంచీ..."

"చాలు! దొంగే ఒప్పుకున్నాక ఇంకా విచారణ ఏమిటి?"

పక్కనున్న మంత్రి దేవరాజయ్య గిన్నెలోకి తొంగి చూసి, "ప్రభువులకు రాని వాసన మాకెలా వస్తుంది?" అన్నాడు. ఆయనా నెల రోజులుగా ఆ మందిరంలోనే కూర్చుంటున్నాడు. కొలువులో అందరూ అంతే. గిన్నె చేతులు మారింది. అందరూ తల అడ్డంగా ఊపారు.

పరాంకుశాచార్యుల దగ్గరికి గిన్నె రాలేదు. ఆయన గుడి నుంచి కోట దాకా దారి పొడుగునా ఆ వాసనలోనే నడిచి వచ్చారు. చెప్పగలిగినవారు ఆయనొక్కరే. ఆయన తన కాళ్ళ వైపు చూసుకుంటూ నిలబడ్డారు.

"రేపు పొద్దు పొడిచేలోగా ఈ మనిషీ, ఇంటిల్లిపాదీ ఏరు దాటి నా రాజ్యం విడిచిపోవాలి. సానరాయి గుడికి స్వాధీనం చేయండి. గంధం సేవ మరొకరికి ఇస్తాం" అన్నాడు రాజుగారు.

కూర్మయ్య ఇంట్లో నిండు నెలల కోడలుంది. ఏట్లో మోకాటి లోతు నీళ్ళు, జారుడు రాళ్ళు. కానీ ఆ క్షణాన ఆయన నోట వచ్చింది అది కాదట. "రేపు స్వామికి గంధం ఎవరు తీస్తారు?" అన్నాడట.

అప్పుడు సింహాసనం వెనక తెర కదిలింది.

"ప్రభూ, ఒక్క మనవి."

రాజుగారు తల తిప్పాడు. బక్కపల్చటి మనిషి, నెరిసిన పిలక, భుజాన పాత పైపంచె.

"ఎవరు నువ్వు?"

"బైరన్నను ప్రభూ. ఆస్థాన సంగీతంలో వాణ్ణి."

"ఎప్పుడూ చూడలేదే! కొత్తగా వచ్చావా?"

"ఇరవై రెండేళ్ళయింది ప్రభూ."

కొలువులో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

ఈ బైరన్న సంగతి ఇక్కడ చెప్పాలి. మల్లెకొండ కోటలో ఒక ఆచారం ఉండేది. రాజు నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఆయన ఉన్నచోట తంబురా శ్రుతి ఆగకూడదు. రాజుగారి తాతగారి కాలంలో పెట్టిన నియమం. శ్రుతి ఉన్న ఇంట్లో స్వామి ఉంటాడని ఆ పెద్దాయన నమ్మకం. అందుకని సింహాసనం వెనక తెర చాటున బైరన్న, ఆయన భార్య ఎర్రమ్మ వంతులవారీగా తంబురా మీటుతూ ఉండేవారు. పాటగాళ్ళు వచ్చినా రాకపోయినా, కొలువున్నా లేకున్నా, ఆ నాలుగు తీగలు మోగుతూనే ఉండేవి. రాజుగారు ఉయ్యాలలో ఉన్ననాటి నుంచీ ఆ శ్రుతిలోనే పెరిగాడు.

"ఏమిటి నీ మనవి?"

"కూర్మయ్య దొంగ కాడు. తమరి ముక్కు తప్పూ కాదు. నలభై రోజులుగా ఒకే వాసన చూసి చూసి, పాపం, అలసింది."

"అలసిందా!" రాజుగారు లేచి నిలబడ్డాడు. "పంచేంద్రియ సార్వభౌముడి ముక్కు అలసిందా? ఎవరు సాక్ష్యం?"

"తమరు ఎవరిని ఒప్పుకుంటే వారే."

"ఎవరినీ ఒప్పుకోను. ఈ సభలో ఎవరి ముక్కూ నాకు అక్కర్లేదు, ఎవరి చెవీ అక్కర్లేదు. నా ఇంద్రియాల మీద సాక్ష్యం చెప్పగలిగింది నేనొక్కణ్ణే. 'నా ఇంద్రియం పొరపడింది' అని నా నోటితో నా చేతే అనిపించు. అనిపిస్తే కూర్మయ్య ఇంటికి వెళతాడు. అనిపించలేకపోతే అతని వెనకాలే నువ్వూ ఏరు దాటాలి."

"చిత్తం. ఎప్పటిలోగా ప్రభూ?"

"నేను భోజనానికి లేచేలోగా."

"అలాగే. తెర వెనక్కి వెళ్ళి గుక్కెడు మంచినీళ్ళు తాగి వస్తాను."

తెర వెనక ఎర్రమ్మ తంబురా భుజానికి ఆనించుకుని మీటుతోంది. మీటడం ఆపకుండానే మొగుడిని చూసింది.

"మంచి పని చేశావయ్యా. రేపటి నుంచి ఏటవతల రాళ్ళకు వినిపిద్దామా తంబురా?"

"ఇక్కడివాళ్ళ కంటే అవే నయమేమో! చూడు, నేను పైపంచె ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చగానే వేళ్ళు తీసేయ్. అందాకా ఆపకు."

"ఇరవై రెండేళ్ళలో కొలువుండగా ఎన్నడూ ఆపలేదు. ఈ వేళ్ళకు ఆపడం వచ్చో రాదో!" అంది ఎర్రమ్మ.

బైరన్న ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముక్కు సంగతి తరువాత చూద్దాం ప్రభూ. ముందు తమరి చెవుల గొప్ప ఒక్కసారి సభకు తెలియాలి. ఇప్పుడు, ఈ క్షణాన, తమకు ఏమేమి వినిపిస్తున్నాయో సెలవివ్వండి. రాయసకారుడు తాటాకు మీద రాసుకుంటాడు."

రాజుగారికి ఇలాంటి పరీక్షలంటే మహా ఇష్టం. కళ్ళు మూసుకున్నాడు.

"తోటలో కోయిల. మూడో మామిడి చెట్టు మీద. గుర్రపుశాలలో ఒక గుర్రం నేలను గిట్టతో తడుతోంది. వెనక బావి గిలక కిర్రుమంటోంది, నూనె వెయ్యలేదు. వంటశాలలో అల్లం దంచుతున్నారు. మంత్రి కునుకుతున్నాడు, గురక ఇంకా రాలేదు, వచ్చేలా ఉంది."

సభ భళీ అంది. నిజంగానే మంచి చెవులు.

"ఇంకేమైనా వినిపిస్తోందా ప్రభూ?"

"ఇంకేమీ లేదు."

"దూరంలో కాకపోతే దగ్గరలో?"

"ఇంకేమీ లేదన్నాను కదా."

"ఆఖరుసారి. ఈ మందిరంలో, ఈ నాలుగు గోడల మధ్య?"

"సూది పడినా వింటాను. ఇంకే చప్పుడూ లేదు. రాసుకోండి!"

రాయసకారుడు రాసుకున్నాడు. ఓరగా తెర వైపు చూశాడు. ఎందుకంటే సింహాసనం వెనక ఏం మోగుతోందో ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది.

"చాలా సంతోషం ప్రభూ. భోజనానికి ఇంకా వేళ ఉంది. ఒక చిన్న కథ చెబుతాను, వింటారా?"

"చెప్పు. కథలకేం!"

బైరన్న గొంతు తగ్గించాడు. తడికెల మీంచి గంధపు నీళ్ళు బొట్లుబొట్లుగా జారుతున్నాయి. ఎండ వట్టివేళ్ళలోంచి వడబోసుకుని పచ్చగా లోపలికొస్తోంది. ఆ వెలుతురులో అందరి ముఖాలూ నీటి అడుగున ఉన్నట్టున్నాయట.

"ఒక కోట ఉంది ప్రభూ. దాని లోపలి గదిలో ఒక రాణి. ఆవిడ బయటికి రాదు, రాలేదు. ఎండ ఎలా ఉంటుందో తెలియదు, వాన ఎలా ఉంటుందో తెలియదు. వాకిళ్ళలో ఉన్న కావలివాళ్ళు వచ్చి చెబితేనే ఆవిడకు లోకం. ఒక వాకిట్లో వాళ్ళు వెలుగు సంగతే చెబుతారు. ఒక వాకిట్లో చప్పుళ్ళ సంగతే. ఇంకో వాకిలి ఉంది, ఎత్తుగా, సన్నగా, చీకటిగా. దాని పైకప్పు కింద కంటికి కనబడనంత చిన్నవాళ్ళు వేలకు వేలు వేలాడుతుంటారు. గాలిలో కొట్టుకొచ్చే పూల పొడినీ, పొగ పొడినీ పట్టుకుని అదేమిటో రాణికి చెప్పడం వాళ్ళ పని."

"ముక్కు" అన్నాడు రాజుగారు, కళ్ళు సగం మూసి.

"చిత్తం. ఒకనాడు ఆ వాకిటికి ఒక అతిథి వచ్చాడు. ఒళ్ళంతా చల్లన, అడుగు మెత్తన. కావలివాళ్ళు పరుగున వెళ్ళి 'అమ్మా, ఎవరో వచ్చారు, ఎంత బాగున్నాడో' అన్నారు. రాణి పొంగిపోయింది. అతిథి వెళ్ళలేదు. వాకిట్లోనే కూర్చున్నాడు. కావలివాళ్ళు మళ్ళీ చెప్పారు. మళ్ళీ చెప్పారు. కొంతసేపటికి రాణి, 'తెలుసు నాయనా, ఉన్నాడుగా, కొత్తవాడొస్తే చెప్పండి' అంది. వాళ్ళూ అలిసిపోయారు. ఊరుకున్నారు. అతిథి అక్కడే ఉన్నాడు. కానీ రాణికి మాత్రం లేడు. అది వాళ్ళ నేరం కాదు ప్రభూ. దేవుడు దయతలిచి పెట్టిన మరుపు. ఉన్నవాటన్నిటినీ క్షణక్షణం చెబుతూ కూర్చుంటే, ఇల్లు అంటుకున్న పొగ వాసన ఆ గోలలో ఎవరికి వినబడుతుంది?"

కొలువంతా మెల్లగా ఊగుతున్నట్టుంది. మంత్రిగారి గురక మొదలైంది. రాజుగారి తల పక్కకు వాలుతోంది. తల్లి ఒడిలో ఉన్నవాడి ముఖంలా ఉందట ఆయన ముఖం అప్పుడు.

బైరన్న పైపంచె తీసి రెండో భుజం మీద వేసుకున్నాడు.

ఎర్రమ్మ వేళ్ళు ఆగాయి.

ఏమైందో చెప్పడం కష్టం. ఏమీ కాలేదు. నడుస్తున్న పడవ చప్పుడు లేకుండా ఒడ్డుకు ఆనినట్టయింది. మంత్రిగారు గురక మధ్యలో ఉలిక్కిపడి లేచి, "ఏమిటి, ఏమిటి?" అన్నారు. రాజుగారు నిటారుగా కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు.

"ఏమైంది?"

"ఏమైంది ప్రభూ?" అన్నాడు బైరన్న అమాయకంగా.

"ఏదో... ఏదో ఆగిపోయింది."

"ఏమి ఆగింది?"

"తెలియడం లేదు. సభ బోసిపోయింది. ఇక్కడ ఏదో మోగుతూ ఉండాలి. ఉండేది. ఇప్పుడు లేదు. ఏమిటయ్యా అది?"

"రాయసకారుగారూ, ప్రభువులు ఇందాక ఏమని సెలవిచ్చారు?"

రాయసకారుడు తాటాకు చూసి మెల్లగా చదివాడు. "'సూది పడినా వింటాను. ఇంకే చప్పుడూ లేదు.'"

బైరన్న చేతులు జోడించాడు.

"ఇక్కడ ఏమీ మోగడం లేదని ముమ్మారు తమరే సెలవిచ్చారు ప్రభూ. మోగనే మోగనిది ఆగిందని తమకెలా తెలిసింది?"

రాజుగారు వెనక్కి తిరిగాడు. తెర పక్కకు జరిగింది. తంబురా మీద చెయ్యి పెట్టుకుని, తల వంచుకుని ఎర్రమ్మ కనిపించింది. రాజుగారు ఆమెను చూశాడు, ఆమె చేతిలో తంబురాను చూశాడు, బైరన్నను చూశాడు.

"ఎప్పటి నుంచి మోగుతోంది ఇది?"

"తమరు పుట్టిన నాటి నుంచి ప్రభూ. నా వంతు ఇరవై రెండేళ్ళే."

రాజుగారి చెయ్యి తల మీదికి వెళ్ళింది. కిరీటం తడిమి చూసుకున్నాడు. పొద్దుటి నుంచీ అది అక్కడ ఉందనీ, బరువుగా ఉందనీ ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అయినా రాజు కదా, అంత తొందరగా ఎలా ఒప్పుకుంటాడు!

"చెవి పొరపడింది, సరే. అంటున్నాను నా నోటితోనే. కానీ గంధం చూసింది ముక్కు. చెవి తప్పుకు ముక్కును శిక్షిస్తానా?"

"తప్పు ప్రభూ, శిక్షించకూడదు. సెలవు ఇవ్వాలి. తమరు ఆ ఒంటి మీది గంధం కడిగించుకుని, కాసేపు గోశాలలో నిలబడి రండి."

"గోశాలలోనా! నేనా!"

"తమరి ముక్కుతో పని. తమరు వెళ్ళకుండా దాన్ని ఒక్కదాన్నే పంపే వీలుంటే పంపేవాణ్ణే."

మంత్రిగారు కండువా నోట్లో కుక్కుకున్నారు. రాజుగారు కోపంగా చూశాడు, కానీ లేచాడు. నలభై రోజుల తరువాత ఎండలోకి అడుగుపెట్టాడు. స్నానం చేయించుకున్నాడు. గోశాలలో ఆవుల మధ్య, తడిగడ్డి మీద, పేడ వాసనలో, మూడు గడియలు నిలబడ్డాడు. ఒక పెయ్య ఆయన అరచెయ్యి నాకింది. గరుకుగా ఉందని నవ్వాడట.

తరువాత వెనక్కి నడిచి వచ్చాడు. చందన మందిరం గుమ్మం దాకా వచ్చి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు.

కళ్ళు మూతలు పడ్డాయి.

కొలువులో అందరూ లేచి నిలబడి చూస్తున్నారు. రాజుగారు కదలడు. పెదవులు మాత్రం కదిలాయి. దగ్గరున్నవాళ్ళకు వినిపించిందేమిటంటే, "అమ్మ వచ్చింది" అన్నాడట. ఆయన తల్లి ఆయనకు అయిదేళ్ళప్పుడు పోయింది. వేసవి మధ్యాహ్నాలు గంధం రాసుకున్న చేతిని దిండుగా వేసి పడుకోబెట్టుకునేదట. ఆవిడ ముఖం ఆయనకు ఎన్నడూ గుర్తు రాలేదు. ఆ గుమ్మంలో ఆ వాసన తగిలేసరికి ఆ చెయ్యి గుర్తొచ్చింది. గాజులు గుర్తొచ్చాయి. చెవి దగ్గర వెచ్చటి ఊపిరి గుర్తొచ్చింది. నలభై ఏళ్ళు ఎక్కడ దాక్కుందో ఆ తల్లి!

"గిన్నె తెండి" అన్నాడు, గుమ్మంలోనే నిలబడి.

పరాంకుశాచార్యులు వెండి గిన్నె అందించారు. రాజుగారు గాలి వచ్చే వైపు తిరిగి గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్కసారే చూశాడు. రెండోసారి అక్కర్లేకపోయింది.

తిరిగి వచ్చి కూర్మయ్య ముందు నిలబడ్డాడు.

"కూర్మయ్యా, ఇందాక ఏదో చెప్పబోయావు. పన్నెండో ఏటి నుంచీ అన్నావు. ఏమిటది?"

"పన్నెండో ఏట సాన ముందు కూర్చున్నాను ప్రభూ. ఏడాది తిరగకుండానే నాకు గంధం వాసన పోయింది. మా నాయనకూ అంతే. చెక్కను చేతితో తడిమి, మంచిదో కాదో చెబుతాం. వాసన స్వామికి వస్తే చాలుననుకుంటాం."

రాజుగారు సభ వైపు తిరిగాడు.

"నా ముక్కు పొరపడింది. నేను పొరపడ్డాను. రాసుకోండి."

అని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. ముందు చిన్నగా, తరువాత పొట్ట పట్టుకుని. "గోశాలలో నిలబెట్టావు కదయ్యా నన్ను! ఇరవై రెండేళ్ళు వెనక కూర్చుని ఇవాళ ముందుకొచ్చి గోశాలలో నిలబెట్టావు!" అంటూ కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. ఆ నీళ్ళలో నవ్వు ఎంతో, మరొకటి ఎంతో ఎవరికి తెలుసు?

చేతి కడియం తీసి బైరన్నకు తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"రోజూ మధ్యాహ్నం ఒక గడియ తంబురా ఆపనివ్వండి ప్రభూ."

"తాతగారి ఆచారం. ఎందుకు ఆపడం?"

"మళ్ళీ మొదలుపెట్టగానే తమరు వింటారని చిన్న ఆశ. పైగా ఎర్రమ్మకు వేళ్ళు నొప్పులు."

"వేళ్ళు నొప్పులని నేను చెప్పానా?" అంది ఎర్రమ్మ తెర దగ్గర నుంచి, ఉండబట్టలేక. సభంతా గొల్లుమంది. రాజుగారు మళ్ళీ నవ్వి ఆ కోరిక ఇచ్చాడు. మర్నాటి నుంచి వంది ఆ బిరుదును మూడుసార్లకు బదులు ఒక్కసారి, అదీ కాస్త మెల్లగా, చదివేవాడని చెప్పుకునేవారు.

కూర్మయ్య ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. గుమ్మంలో మూటలు కట్టి ఉన్నాయి. కబురు ముందే అందడంతో ఆయన భార్య సింగమ్మ పొద్దుట్నుంచీ ఏడవకుండా మూటలు కట్టింది. గిన్నెలు ఒక మూట, బట్టలు ఒక మూట, కోడలి పురుడుకు దాచిన పాత మెత్తటి చీరలు ఒక మూట. సాన మాత్రం కట్టలేదు. గుడివాళ్ళు వచ్చి తీసుకుపోతారని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి అరుగు మీద ఉంచింది.

"పోనక్కర్లేదు" అన్నాడు కూర్మయ్య.

ఆవిడ నమ్మలేదు. "నిజం చెప్పండి."

"నిజమే చెప్పాను. పొద్దున అది చెప్పినందుకే ఇంత పనైంది" అన్నాడు ఆయన, గోడకు జారగిలబడి.

అప్పుడు ఏడ్చిందట సింగమ్మ. మూటలు విప్పే ఓపిక ఎవరికీ లేదు. కొడుకు, కోడలు, సింగమ్మ, మూడు రోజుల ఉపవాసం మీదున్న కూర్మయ్య, నలుగురూ ఆ మూటల మధ్యనే చాపలు పరుచుకుని, మజ్జిగన్నం తిని, ఒరిగిపోయారు.

మర్నాడు మా ఇంట్లో ఎవరూ లేవలేదు. ఎన్ని తరాలుగానో ఆ ఇంట్లో తెల్లవారుజాము దాటాక పడుకున్నవాళ్ళు లేరు. ఆ రోజు కోడి కూసింది, తూరుపు ఎర్రబడింది, వీధిలో కళ్ళాపి చల్లే చప్పుళ్ళయ్యాయి. నలుగురూ నిద్రపోతూనే ఉన్నారు.

గంధం కోసం పరాంకుశాచార్యులు వచ్చారు. గుమ్మంలోంచి లోపలికి చూశారు. మూటల మీద తల పెట్టుకుని నిద్రపోతున్న కూర్మయ్యను చూశారు. పిలవబోయి ఆగిపోయారు. నిన్న కొలువులో నోరు విప్పనివాణ్ణి, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పిలవను అనుకున్నారో ఏమో. ఆ పెద్దాయన పైబట్ట నడుముకు చుట్టుకుని, అరుగు మీద సాన ముందు చతికిలబడి కూర్చున్నారు. చెక్క తడిపి, చేతకాని చేతులతో, ఎవరికీ నిద్రాభంగం కాకుండా, మెల్లగా అరగదీయడం మొదలుపెట్టారు. స్వామికి ఆ రోజు గంధం జాము ఆలస్యమైంది. కొంచెం గరుకుగా కూడా ఉందట. పొద్దు బాగా ఎక్కి ఎండ కాళ్ళ మీద పడేదాకా మావాళ్ళు నిద్రపోయారు.